ఎడమ స్టీరింగ్ 240డి: డిమ్ లైటుతో కుస్తీ

నా ఎడమ స్టీరింగ్ కారు డిమ్ లైటు ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకుండా, హెడ్‌లైట్ బల్బుని కాస్త తిప్పి నిలిపే రేకు రింగు ఒకటి చేయించాను. నిన్న రాత్రి అది వేసి, చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం దాటి వెళ్ళొచ్చాను. కుదరలేదు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గోడ మీద అంత చక్కగా పడిన డిమ్ లైటు, ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంట వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కగానే మళ్ళీ ఎదుటివాళ్ళ కళ్ళలోకే కొట్టింది. ఎదురొచ్చినవాళ్ళలో చాలామంది డిప్పర్ కొట్టారు. లెక్క సరిగ్గా ఉంది, రింగు కొలత సరిగ్గా ఉంది, అయినా ఫలితం రాలేదంటే ఒళ్ళు మండుతోంది. అందుకే ఈసారి మొత్తం లెక్కంతా రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. బండి 1983 మెర్సిడెస్ 240డి, డబ్ల్యూ123 బాడీ. కువైట్‌లో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దాయన అప్పట్లో ఓడలో తెచ్చుకున్నారు, అన్నానగర్‌లో షెడ్డులో ఉండిపోయింది. ఎడమ స్టీరింగ్ ఉన్న మామూలు కారుని ఇప్పుడు దిగుమతి చేసుకోనివ్వరు కాబట్టి, ఇక్కడ ఉన్నవాటిలోనే వెతుక్కోవాలి. నా మాట వింటే, ఇంజన్ శబ్దం వినే ముందు ఆర్‌సీ, కస్టమ్స్ డ్యూటీ కట్టిన కాగితం, ఛాసిస్ నంబరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తుప్పుని బాగు చేయొచ్చు, లేని కాగితాన్ని పుట్టించలేం. రోడ్డు మీద నడపడానికి చట్టం అడ్డు కాదు. మోటారు వాహనాల చట్టం 1988 లోని సెక్షన్ 120, ఎడమ స్టీరింగ్ బండికి పనిచేసే సిగ్నల్ పరికరం ఉండి తీరాలంటుంది. ఎడమవైపు కూర్చున్న డ్రైవర్ చెయ్యి బయటికి చాపితే వెనకవాళ్ళకి ఏం కనిపిస్తుంది? ఇండికేటర్లు సరిగ్గా వెలిగితే చాలు.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. తాళం తీసినా ఆగని ఇంజన్, డీజిల్‌ని ఆపే వ్యాక్యూమ్ షట్‌ఆఫ్ మార్చాక ఆగుతోంది. కుడివైపు అద్దం పాత కార్ల సామాన్లు అమ్మే పుదుపేటలో దొరికింది. హెడ్‌లైట్లకి రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు) పెట్టాక బల్బు దగ్గర వోల్టేజీ 12.1 నుంచి 13.3కి వచ్చింది.

ఎడమ స్టీరింగ్ అనగానే అందరూ ఓవర్‌టేకింగ్ గురించే అడుగుతారు. అది అలవాటవుతుంది. లారీకి దగ్గరగా వెళ్ళకుండా బాగా వెనకే ఉంటే దాని కుడి పక్క నుంచి రోడ్డు కనిపిస్తుంది, కనిపించకపోతే వెనకే ఉండిపోవడమే. 72 హార్స్‌పవర్ డీజిల్‌కి తొందరేముంది? టోల్ గేటు దగ్గర కుడివైపు కిటికీ దాకా చెయ్యి చాపే పని లేదు, ఫాస్టాగ్ ఉంది. అసలు ప్రమాదం లైట్లలో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

విషయం ఇది. యూరప్ డిమ్ లైటు ఎదురు బండ్ల వైపు అడ్డంగా తెగి, రోడ్డు అంచు వైపు 15 డిగ్రీలు పైకి లేస్తుంది. వాళ్ళకి అంచు కుడివైపు. మనకి కుడివైపు ఉండేది ఎదురొచ్చేవాడు. నా బండిలో హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి 65 సెం.మీ. ఎత్తులో ఉంది. 10 మీటర్ల దూరంలో గోడ, ఒక శాతం కిందికి ఫోకస్, అంటే వెలుగు పై అంచు గీత లైటు ఎత్తుకి 10 సెం.మీ. కింద. అక్కడి నుంచి కుడికి ఒక మీటరు జరిగితే వెలుగు 27 సెం.మీ. పైకి ఎక్కుతుంది.

దీన్ని రోడ్డు మీదికి మార్చి చూడండి. కారులో కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి 120 సెం.మీ. అనుకుందాం, అంటే నా లైటు కంటే 55 సెం.మీ. పైన. ఎదుటి కారు నాకు 3.5 మీటర్ల పక్కగా వస్తే, సుమారు 40 మీటర్ల దూరం నుంచి దగ్గరయ్యేదాకా వెలుగు వాళ్ళ కళ్ళలోనే. అదే 7 మీటర్ల పక్కగా వస్తే ఆ దూరం 130 మీటర్లు! ఇరుకు వీధుల్లో ఎవరూ ఏమీ అనకపోవడం, వెడల్పు రోడ్డు ఎక్కగానే అందరూ డిప్పర్ కొట్టడం నాకు ఎన్నాళ్ళుగానో అర్థం కాలేదు. రోడ్డు ఎంత వెడల్పయితే అంత దూరం నుంచి కొడుతోందన్నమాట.

నాకు ఇంతకంటే భయం వేసేది ఎడమవైపు. అక్కడ గీత అడ్డంగానే ఉంటుంది కాబట్టి 40 మీటర్ల దూరంలో వెలుగు నేల నుంచి 25 సెం.మీ. దాకానే అందుతుంది. మొన్న ఒకాయన రోడ్డంచున నడుస్తుంటే నాకు కనిపించింది రెండు చెప్పులు, లుంగీ అంచు మాత్రమే. మనిషి కనిపించలేదు.

ఫోకస్ రెండు శాతం కిందికి దించితే ఎదుటివాళ్ళ బాధ సగం తగ్గుతుంది, కానీ నా వెలుగు 32 మీటర్లకే నేలని తాకుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో అది రెండు సెకన్లు కూడా కాదు.

హెడ్‌లైట్ గ్లాసు మీద నల్ల టేపు ముక్కలు అంటించి చూశాను. ఏ భాగం పైకి కొడుతోందో తెలుసుకోవడానికి అట్టముక్క ఒక్కో చోట అడ్డం పెడుతూ గోడ వైపు చూడాలి. టేపుతో కుడివైపు ఎత్తు తగ్గింది, దానితో పాటు మొత్తం వెలుగులో మూడో వంతు పోయింది. పైగా హాలోజన్ వేడికి జిగురు కరిగి, గంట నడిపేసరికి టేపు జారుతోంది. ఇందుకోసమే షాపుల్లో అమ్మే స్టిక్కర్లదీ ఇదే పద్ధతి. సరిహద్దు దాటి నాలుగు రోజులు తిరిగొచ్చేవాళ్ళకి అవి సరిపోతాయి, ఇక్కడే ఉండే బండికి కాదు.

అప్పుడు రింగు ఆలోచన వచ్చింది. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది. దాని ఒక అంచు అడ్డంగా, రెండో అంచు 15 డిగ్రీలు కిందికి. బల్బుని 15 డిగ్రీలు తిప్పితే అంచులు తారుమారై లేచే వెలుగు ఎడమకి మారాలి. 43 మి.మీ. వ్యాసం ఉన్న బల్బు అంచు మీద 15 డిగ్రీలంటే 5.6 మి.మీ. జరగడం. అంబత్తూరులో లేత్ పని చేసే అన్న 1.2 మి.మీ. రేకుతో, బల్బు అలా తిరిగి కూర్చునేలా రింగులు కోసిచ్చాడు. గోడ మీద వెలుగు ఎడమకి లేచింది! కానీ మా బావమరిది తన ఐ20లో ఎదురుగా 40 మీటర్ల దూరంలో కూర్చుని, "బావా, ముందుకంటే నయమే గానీ ఇంకా పొడుస్తోంది" అన్నాడు. ఈసీఆర్ కూడా అదే చెప్పింది.

నాకు రెండు అనుమానాలు. ఒకటి, రింగు మందం వల్ల ఫిలమెంట్ 1.2 మి.మీ. వెనక్కి పోయింది, డూమ్ (బల్బు వెనక వెలుగుని ముందుకి తిప్పే గిన్నె) ఫోకస్‌కి అది చిన్న దూరం కాదు. రెండు, గ్లాసు. వేరు చేసి చూద్దామని ఈరోజు పొద్దున ఒక పాత బల్బు చెవులు (డూమ్‌లో బల్బుని సరైన చోట నిలిపే రేకు మొనలు) ఆకురాయితో అరగదీసి, రింగు లేకుండానే తిప్పి బిగించాను. గీత పదునుగా వచ్చింది, అంటే మందం అనుమానం నిజమే. కానీ కుడివైపు, గీతకి ఒక జానెడు పైన, అరచేయంత వెలుగు మచ్చ అలాగే ఉంది. మధ్యలో మాత్రం చీకటి పట్టీ. అట్ట పెట్టి వెతికితే ఆ మచ్చ గ్లాసులో ఏటవాలు గీతలున్న మూల నుంచి వస్తోంది. ఆ గీతలు కుడికి విసరడానికే పోసినవి. బల్బుని ఎటు తిప్పినా గ్లాసు తన పని తను చేస్తుంది.

చెన్నైలో కార్ల సామాన్ల బజారైన జీపీ రోడ్డులో ఏ షాపులో అడిగినా ముందు ఎల్‌ఈడీ బల్బు చూపిస్తారు. నేను పెట్టను. ఫిలమెంట్ ఉండాల్సిన చోట వెలుగు పుట్టకపోతే ఈ పాత గ్లాసులు దాన్ని ఎటు పడితే అటు చిమ్ముతాయి. 100/90 వాట్ల బల్బులూ వద్దు. మంచి కంపెనీ 60/55 చాలు, నాకు ఫిలిప్స్ కంటే ఓస్రామ్ గీత కొంచెం పదునుగా అనిపిస్తుంది.

కాబట్టి గ్లాసూ డూమూ కలిపి మార్చాల్సిందే. పుదుపేటలో దొరికేవి దీని తర్వాతి మోడల్ డబ్ల్యూ124వి. మెర్సిడెస్ మన దేశంలో 1995లో మొదలుపెట్టింది ఆ మోడల్‌తోనే కాబట్టి అవే ఎక్కువ, నా బండికి పట్టవు. కుడి స్టీరింగ్ డబ్ల్యూ123లు బాగా అమ్ముడైన బ్రిటన్, దక్షిణాఫ్రికాల నుంచి తెప్పించాలి. అమ్మేవాణ్ణి గ్లాసు దగ్గరగా ఫొటో అడగండి: లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు చూపించే బాణం గుర్తు ఉంటే అది మన రోడ్లకి పనికొచ్చేది. బాణమే లేకపోతే నా దగ్గరున్న రకమే. రెండు వైపులా మొన ఉంటే రెండింటికీ మార్చుకోవచ్చు. బ్రిటన్‌లో ఒక బాష్ జత చూసిపెట్టుకున్నాను, గ్లాసు పగలకుండా ప్యాక్ చేస్తానని మాట ఇస్తేనే డబ్బు పంపుతాను.

అవి వచ్చేదాకా ఫోకస్ రెండు శాతం కిందే, చీకటి పడ్డాక ఊరు దాటడం లేదు. ఈలోగా ముందు అద్దానికి కుడి పక్కనున్న పిల్లర్ మొదట్లో ఒక చిన్న కెమెరా బిగించి, స్క్రీన్ స్టీరింగ్ పక్కన పెట్టాలని ఉంది, లారీల వెనక మెడ సాచే పని తప్పుతుంది. అది కుదిరితే తెల్లవారుజామున వెలుగు రాగానే బయల్దేరి, తడ, సూళ్ళూరుపేట మీదుగా నెల్లూరు వెళ్ళి, మధ్యాహ్నం భోజనం చేసి ఎండ ఉండగానే తిరిగొచ్చేయాలి. కెమెరా బ్రాకెట్ కొలతలు వచ్చేసారి రాస్తాను.