సారుకు ఇష్టమైనోళ్లా?
హనుమకొండల హాకీ మ్యాచ్ అయిందంటే తల్లిదండ్రులది ఒకటే మాట: "కోచ్ సారు తనకిష్టమైనోళ్లనే ఆడిపిస్తడు."

లెక్క చూద్దాం. 15 నిమిషాల క్వార్టర్లు 4, మొత్తం 60. ముందుండి గోల్ కొట్టే ముగ్గురు ఫార్వర్డ్‌ల జాగలకు 180 నిమిషాలు, పిల్లలు ఐదుగురుంటే తలా 36. వెనకుండి గోల్ కాపాడే డిఫెండర్లతో పోల్చొద్దు, వాళ్లను తక్కువ మారుస్తరు. డ్రాగ్ ఫ్లిక్ (బాల్‌ను స్టిక్‌తో లాగి గోల్‌లకు విసిరే షాట్) కొట్టేటోడు ఎక్కువసేపు ఉంటే కోపమెందుకు? పెనాల్టీ కార్నర్ (అవతలోళ్ల తప్పుకు వాళ్ల గోల్ దగ్గర దొరికే ఛాన్స్) ఇచ్చినంక అది అయ్యేదాకా మనిషిని మార్చనియ్యరు. వాడు బెంచీ మీదుంటే అప్పుడు ఆ ఫ్లిక్ కొట్టేదెవరు?

నాలుగు మ్యాచ్‌లు స్టాప్‌వాచ్ పట్టి, ఎవరెంతసేపు ఆడిండ్రో రాసుకోండ్రి. వెనక్కి ఉరికి బాల్ ఆపనోనికే ప్రతిసారి 45 నిమిషాలు పడుతుంటే అడగొచ్చు. 4-0తో గెలుస్తున్న ఆటల, ఆఖరి క్వార్టర్ల గూడ వాడే ఉంటే... గది మాత్రం ఇష్టమే.