టీ కొట్టు కాడ తగువు

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర టీ తాగతా మా ట్రాన్స్‌జెండర్ వాళ్లు మళ్లీ తగువేసుకున్నారు. "ఆపరేషన్ చేయించుకోలేదు, హిజ్రా గురువు దగ్గర చేరలేదు, నువ్వెట్ల మనలో మనిషివే?" అని వక్క నములుతా పెద్దమ్మ. "నా మనసుకు తెలుసు కదమ్మా, డాక్టర్ చెప్పాల్నా?" అని డిగ్రీ చదివే పిల్ల. పక్కనే గడ్డం పెంచుకున్న ట్రాన్స్ అబ్బాయి. అతని ఊసు ఇద్దరూ ఎత్తలా.

ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన 2014 నల్సా తీర్పులో సుప్రీంకోర్టు, ఆడో మగో గుర్తించేదానికి ఆపరేషన్ కోసం పట్టుబట్టడం చట్టవిరుద్ధమనింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల చట్టమేమో గుర్తింపు కాగితంలో ఆడ, మగ అని మార్పించుకోవాలంటే ఆపరేషన్ కాగితం అడిగింది. పైనోళ్లకే పొత్తు కుదర్లేదు, మాకేం కుదుర్తాది! (జాతరలో ఆడవేషం కట్టే మగోళ్లను మాత్రం ఎవురూ ఏమీ అడగరు.)

నేను పిల్ల పక్షమే. కానీ ఇంట్లోంచి గెంటేసినప్పుడు నాకు అన్నం పెట్టింది ఆ పెద్దమ్మే, అందుకే ఆమెను గట్టిగా ఏమీ అనలేకపోయినాను. సోమవారం గుర్తింపు కాగితం కోసం పిల్లకి తోడు కలెక్టరాఫీసుకు పోతాండా. తిట్టుకుంటానే పెద్దమ్మ కూడా వస్తానంది.