పెత్రమాస నాడు మేనత్త పేరు

పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు పెద్దలకు వదిలే తర్పణం చివర్లో ఒక శ్లోకం వస్తుంది. అప్పటికి పేర్లన్నీ అయిపోతాయి, నువ్వులు వేళ్లకు అంటుకుని ఉంటాయి, చాలామంది లేవడానికి సిద్ధమవుతారు.

యే కే చాస్మత్కులే జాతాః అపుత్రా గోత్రిణో మృతాః
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్

మా కులంలో పుట్టి, సంతానం లేకుండా వెళ్లిపోయినవాళ్లు ఎవరున్నా, ఈ బట్ట పిండిన నీళ్లు అందుకోండి అని అర్థం. జంధ్యాన్ని దండలా వేసుకుని, బట్టకు బదులు దాని ముడినే తడిపి నేల మీద పిండుతారు. పడేవి నాలుగు చుక్కలే. ఆ చుక్కలు పడుతుంటే చాలా ఇళ్లల్లో మేనత్తే మనసులో మెదులుతుంది.

మేనత్త మన ఇంట్లోనే పుట్టింది. ఉయ్యాల్లో వేసిన రోజు మన చెవిలో పేరు చెప్పింది. పెళ్లికి ముందురోజే వచ్చి వంటింటి బాధ్యత ఎత్తుకుంది. బస్తీలో ఎవరింట కాన్పైనా, కర్మైనా పిలుపు కోసం చూడకుండా వెళ్లింది. అయినా గోత్రం మారింది కాబట్టి పుట్టింటివాళ్లు ఆమె పేరు మరిచిపోవడం తేలిక. శాస్త్రం మాత్రం మరవలేదు. తల్లిదండ్రులు, తాతముత్తాతలు కాక తర్పణం అందుకునే మిగతా బంధువుల, అంటే కారుణ్య పితరుల వరుసలో 'పితృష్వసారం' అని ఆమెకు విడిగా చోటు పెట్టింది. పిన్నికి, పెద్దమ్మకు 'మాతృష్వసారం'. పిల్లలు లేని మేనత్తను పై శ్లోకానికి మాత్రమే వదిలేయకండి. పేరు తెలిసిన మనిషిని పేరుతోనే పిలవాలి.

ఎక్కువమంది తప్పుచేసేది గోత్రం దగ్గర. పెళ్లైన మేనత్తకు ఆమె భర్త గోత్రం చెప్పాలి, మనది కాదు. పెళ్లి కాకపోతే పుట్టింటి గోత్రమే. అందుకే ముందురోజే కాగితం మీద పేరు, గోత్రం రాసుకోండి. దక్షిణం వైపు తిరిగి, జంధ్యం కుడి భుజం మీదికి మార్చి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య నుంచి నల్ల నువ్వులతో నీళ్లు వదలాలి. అమ్మ, నానమ్మ వరుసకు మూడుసార్లు వదిలినా మేనత్తకు ఒక్కసారే. అపార్ట్‌మెంట్లో చేస్తే ఇత్తడి తాంబాళంలో పట్టి చెట్టు మొదట్లో పోయండి, సింకులో కాదు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. పెత్రమాస వచ్చే రోజుల్లో హైదరాబాదులో అది సుమారు 1:20 నుంచి 3:45 దాకా. ఆఫీసుకు టైమవుతోందని పొద్దున ఏడింటికే ముగించడం నాకు నచ్చదు.

మేనత్త ముత్తైదువగా పోయి ఉంటే అమావాస్యకు ఆరు రోజుల ముందు వచ్చే అవిధవా నవమి ఆమెది. ఆ రోజు ఒక ముత్తైదువకు భోజనం పెట్టి పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ ఇస్తారు.

తండ్రి ఉన్నవాళ్లు తర్పణం వదలరు. తర్పణం ఆనవాయితీ లేని ఇళ్లూ ఎన్నో ఉన్నాయి. అందరికీ అందుబాటులో ఉన్నది పెత్రమాస నాటి బియ్యం ఇచ్చుడు. కిలోంబావు పచ్చి బియ్యం, పావుకిలో కందిపప్పు, చింతపండు, ఉప్పు, మిర్చి, బెల్లం, నెయ్యి, రెండు మూడు రకాల కూరగాయలు, తాంబూలం, దక్షిణ. ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. తీసుకున్నవారు తామే వండుకునేది కాబట్టి స్వయంపాకం అన్నారు. ఇంట్లో పడి ఉన్న పాత బియ్యం ఇస్తే ఆ మాటకు అర్థమే పోతుంది. ఇంకో సంగతి. ఆ పొద్దున గుడిలో ఒక్క పూజారి ముందు వందమంది కూరగాయలు గుట్టపడతాయి, సాయంత్రానికి వాడిపోతాయి. గుడిలో ఇచ్చేటట్టయితే బియ్యం, పప్పు, బెల్లం ఎక్కువ పెట్టండి. కూరగాయలు నిజంగా వండుకునే ఇంటికి ముందురోజే చెప్పి ఇవ్వండి.

ఊరందరి కడుపు చూసిన మేనత్తకు రెండో వాటా కూడా ఉండాలని నా నమ్మకం. నిలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట రోగుల కోసం కాచుకుని ఉండేవాళ్లకు పులిహోర పంచవచ్చు. 5 కిలోల బియ్యం సుమారు 40 మందికి సరిపోతుంది, కిలోకు 100 నుంచి 120 గ్రాముల చింతపండు. అన్నం పొడిగా వార్చి, పరిచి, పూర్తిగా ఆరాకే కలపాలి. వేడి మీద పొట్లం కడితే లోపల చెమటపట్టి మధ్యాహ్నానికే పాడవుతుంది. పెరుగన్నం ఎండకు పులుస్తుంది, దాని జోలికి పోకండి.

ఆ సాయంత్రమే బతుకమ్మ పండుగ తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ. గుడిమల్కాపూర్ మార్కెట్లో తంగేడు, గునుగు, బంతి ముందురోజు నుంచే రాశులు పోస్తారు. తంగేడు త్వరగా వాడుతుంది, తడిబట్టలో చుట్టి ఉంచాలి. వీధిలో పాట ఎత్తుకునేది మేనత్తే అయి ఉంటే, మొదటి వరుస ఆమె పాడిన రాగంలోనే ఎత్తుకోండి. మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. తొలిరోజు నైవేద్యం నువ్వులు, నూకలు, బెల్లం. మధ్యాహ్నం తాంబాళంలో ఆమె పేరున వదిలినవీ నువ్వులే, ఇప్పుడు పిల్లల అరచేతుల్లో పడేవీ నువ్వులే.