జావా 8 నుంచి 11కి మారితే దొరకని క్లాసులు: నా అనుభవం

మా ఆఫీసులో రాత్రిపూట రిపోర్టులు తీసే పాత జావా ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అది విండోస్ మెషీన్‌లో జావా 8 మీద నడిచేది, దాన్ని జావా 11 ఉన్న లినక్స్ సర్వర్‌కి మార్చే పని నాకొచ్చింది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు, ఫోల్డర్ కాపీ చేసి నడపడమే అన్నారు.

నడపగానే మెయిన్ క్లాస్ (ప్రోగ్రామ్ మొదలయ్యే కోడ్ ముక్క) దొరకలేదంది. క్లాస్‌పాత్‌లో (జావా క్లాసుల్ని వెతికే చోట్ల జాబితాలో) జార్ల మధ్య, అంటే క్లాసుల్ని కట్టగట్టిన ఫైళ్ల మధ్య, సెమీకోలన్ ఉంది, విండోస్‌కి అదే కావాలి, లినక్స్‌లో మాత్రం కోలన్ పెట్టాలి. మొత్తం కోట్స్‌లో ఉండటంతో షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) ఏమీ అనలేదు, జావా ఆ పొడుగు వరుసంతా ఒకే ఫైలు పేరనుకుంది. క్లాస్‌పాత్‌లో రాసిన ఫైలు అసలు లేకపోయినా జావా చెప్పదు, చప్పుడు చేయకుండా వదిలేసి ముందుకెళ్తుంది. ఎందుకంత మొహమాటమో మరి.

తర్వాత వచ్చింది నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్, జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్ చదివి రాసే లైబ్రరీ) క్లాసు పేరుతో. దీన్నీ క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్‌నీ చాలామంది ఒకే గాటన కడతారు గానీ రెండూ వేరు. డేటాబేస్ డ్రైవర్ని లోడ్ చేసినట్టు, కోడ్ ఒక క్లాసుని పేరు పెట్టి అడిగినప్పుడు ఆ పేరుతో ఏదీ లేకపోతే ఎక్సెప్షన్ వస్తుంది, అప్పుడు ముందు స్పెల్లింగ్ చూసుకోవాలి. కంపైల్ చేసినప్పుడు ఉన్న క్లాసు నడిపేటప్పుడు లేకపోతే ఈ ఎర్రర్. మాది అచ్చం అదే. జాక్స్‌బీ జావా 8లో జేడీకేతోనే (జావా ఇన్‌స్టాల్ ప్యాకేజీతోనే) వచ్చేది, 2018లో వచ్చిన జావా 11లో తీసేశారు. జార్లు విడిగా తెచ్చి పెట్టాలి, అవీ 2.3 వెర్షన్‌వే. 3.0 నుంచి ప్యాకేజీ పేరే జకార్తాగా మారిపోయింది కాబట్టి అవి పెడితే జార్ కళ్ల ముందున్నా ఎర్రర్ పోదు.

జార్లు పెట్టాక నేను టెర్మినల్‌లో నడిపితే నడుస్తుంది, రాత్రి షెడ్యూలర్ నడిపితే మళ్లీ అదే ఎర్రర్. దాని స్క్రిప్ట్‌లో హైఫన్ జార్ ఆప్షన్ ఉంది. అది ఉన్నప్పుడు క్లాస్‌పాత్ ఇచ్చే హైఫన్ సీపీ ఆప్షన్‌లో ఏం రాసినా జావా పట్టించుకోదు, జార్ లోపలి మానిఫెస్ట్ అనే వివరాల ఫైల్లో ఉన్న క్లాస్‌పాత్‌నే చూస్తుంది. హైఫన్ జార్ తీసేసి, లిబ్ ఫోల్డర్ పేరు తర్వాత స్టార్ (అందులోని జార్లన్నీ అని) పెట్టి, మెయిన్ క్లాస్ పేరు ప్యాకేజీతో సహా ఇచ్చాను.

అసలు టెన్షన్ ఆ స్టార్‌తోనే మొదలైంది. ఈసారి నోసచ్‌మెథడ్‌ఎర్రర్. మెథడ్ (క్లాసులో ఒక పని చేసే కోడ్) లేదంటుంది, జార్ తెరిచి చూస్తే ఉంది! ఇలాంటప్పుడు ఊహించడం మానేసి జేవీఎంనే (జావా కోడ్‌ని నడిపే ఇంజిన్‌నే) అడగడం మేలు: హైఫన్ వెర్బోస్ కోలన్ క్లాస్ అని పెట్టి నడిపితే ప్రతి క్లాసూ ఏ ఫైల్ నుంచి వచ్చిందో రాసేస్తుంది, కుప్పలు తెప్పలుగా లైన్లు వస్తాయి, గ్రెప్ కమాండ్‌తో కావాల్సినవి వడకట్టుకోవాలి. చూస్తే లిబ్‌లో కామన్స్ ఐఓ అనే లైబ్రరీ వెర్షన్లు 1.4, 2.6 రెండూ ఉన్నాయి, క్లాసు 1.4 నుంచి వస్తోంది. స్టార్ పెట్టినప్పుడు జార్లని ఏ వరుసలో తీసుకోవాలనే నియమమేదీ లేదు, అందుకే ఒక మెషీన్‌లో నడిచింది ఇంకోదాంట్లో నడవకపోవచ్చు. పాతదాన్ని తీసేశాను.

చివరికి మళ్లీ నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రరే, కానీ పక్కన ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అని ఉంది. ఆ మాట కనిపిస్తే క్లాస్‌పాత్ వెతకడం దండగ. క్లాసు ఊళ్లోనే ఉంది, మంచం దిగలేకపోతోంది. దాని స్టాటిక్ బ్లాక్ (క్లాసుని తొలిసారి వాడినప్పుడు నడిచే కోడ్) మొదటిసారే ఫెయిలై ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ ఇచ్చి ఉంటుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ క్లాసుని వాడబోయినా ఈ పొడి మాటే వస్తుంది. (జావా 17 నుంచి అసలు కారణం కూడా కలిపి చూపిస్తున్నారు, 11లో ఆ సుఖం లేదు.) లాగ్‌లో బాగా పైకి వెళ్తే దొరికింది: స్టాటిక్ బ్లాక్ డీ డ్రైవ్‌లోని ప్రాపర్టీస్ ఫైల్ తెరవబోయింది. లినక్స్‌లో డీ డ్రైవ్ ఎక్కడిది! ఆ ఫైలు ఎక్కడుందో బయటి నుంచి సిస్టమ్ ప్రాపర్టీగా (నడిపేటప్పుడు ఇచ్చే సెట్టింగ్‌గా) ఇచ్చేలా మార్చాక రిపోర్టులు రావడం మొదలైంది.