వెండి మీద బెంజోయిక్ ఆమ్లం: నా సెర్స్ అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నాకు ఇచ్చిన పని వినడానికి చిన్నదే. వెండి నానోకణాల మీద బెంజోయిక్ ఆమ్లం ఎలా అతుక్కుంటుందో రామన్ స్పెక్ట్రమ్‌లో, అంటే లేజర్ వెలుగు అణువుల మీద పడి రంగు మారి చెదిరినప్పుడు వచ్చే పీకుల పటంలో, చూడాలి. షాపులో కొన్న పచ్చడి సీసాల మీద ‘ఐఎన్ఎస్ 211’ అని కనిపిస్తుంటుంది కదా, అది ఈ ఆమ్లం తాలూకు సోడియం లవణమే.

రామన్ సిగ్నల్ మామూలుగా చాలా బలహీనం. పలచటి (మిల్లీమోలార్) బెంజోయేట్, అంటే ఆ లవణపు ద్రావణాన్ని నేరుగా లేజర్ కింద పెడితే మా పరికరంలో నీటి పీక్ తప్ప ఏమీ రాలేదు. గరుకు వెండి మీద చేరిన అణువుకైతే ఆ సిగ్నల్ లక్షల రెట్లు పెరుగుతుంది. సెర్స్ (ఉపరితలం వల్ల బలపడే రామన్) అంటే ఇదే. 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం పిరిడిన్‌తో దీన్ని మొదట చూసింది. గరుకుదనం వల్ల ఎక్కువ అణువులు పట్టాయేమో అనుకున్నారు వాళ్లు. అది చాలదని, ఒక్కో అణువు నుంచి వచ్చే సిగ్నలే పెరుగుతోందని 1977లో తేలింది.

సోల్ (వెండి నానోకణాలు నీళ్లలో తేలుతుండే ద్రవం) తయారీకి అందరూ వాడే లీ–మైసెల్ పద్ధతితో మొదలుపెట్టాను. సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని మరిగించి, 1 శాతం సోడియం సిట్రేట్ వేసి, గంటసేపు మరగనివ్వాలి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత లేత పసుపు, ఆపైన ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. ఫ్లాస్కులో కుళాయి నీళ్ల తడి మిగిలినా క్లోరైడ్ తగిలి ద్రావణం తెల్లగా మసకబారుతుంది. అందుకే గ్లాసు సామాను కడగడమే సగం పని. గ్లవుజు చిరిగిందా, వేళ్ల మీద నల్ల మచ్చలు! ఎంత తోమినా పోవు.

మా సీనియర్ అన్న ఒకటే మాట: “ఒరేయ్, శాంపిల్ తర్వాత. ముందు ఉత్త సోల్ పెట్టి చూడు.” విసుగ్గానే పెట్టాను. 1400 వేవ్‌నంబర్ల (పీక్ ఎక్కడుందో చెప్పే కొలత) దగ్గర పీక్ లేచింది! సిట్రేట్ కూడా సేంద్రియ ఆమ్లం నుంచి వచ్చిందే. మూడు కార్బాక్సిలేట్ (ప్రోటాన్ వదిలేసిన ఆమ్లపు కొస) చేతులతో వెండిని ముందే పట్టుకుని కూర్చుంది. బెంజోయేట్ పీక్ రావాల్సింది 1390 దగ్గర. ఇక ఆ పీక్ ఎవరిదని చెప్పాలి? బెంజోయేట్‌లో ఉన్న బెంజీన్ వలయం సిట్రేట్‌లో లేదు కాబట్టి 1000 దగ్గరి వలయపు పీక్‌ను నమ్మొచ్చు. కానీ అతుక్కున్నది ఏ కొసతో అన్నది దాన్నిబట్టి తెలియదు.

దాంతో సోడియం బోరోహైడ్రైడ్‌కి మారాను. ఐసులో చల్లబరిచిన బోరోహైడ్రైడ్‌లోకి సిల్వర్ నైట్రేట్ చుక్కలుచుక్కలుగా వేస్తూ కలిపితే స్వచ్ఛమైన పసుపు సోల్ వస్తుంది. ఇందులో సిట్రేట్ గొడవ లేదు. బెంజోయేట్ కలిపి, కొద్దిగా పొటాషియం నైట్రేట్ వేస్తే కణాలు గుంపులు కడతాయి, రంగు పసుపు నుంచి నారింజకి, అక్కణ్నుంచి బూడిదకి తిరుగుతుంది. కణాల మధ్య సందుల్లోనే సిగ్నల్ బాగా పెరుగుతుంది. అలాగని ఆలస్యం చేస్తే అంతా అడుక్కి దిగిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఫోకస్ చేసి స్పెక్ట్రమ్ తీయాలి, టెన్షన్ అంతా అక్కడే.

ఈసారి స్పెక్ట్రమ్ తేటగా వచ్చింది. పొడి ఆమ్లంలో 1635 దగ్గర కనిపించిన కార్బొనిల్ (కార్బన్–ఆక్సిజన్ జంట బంధం) పీక్ మాయం. 1390, 840 దగ్గర కార్బాక్సిలేట్ పీకులు లేచాయి. అంటే ఆమ్లం ప్రోటాన్ వదిలేసి, కార్బాక్సిలేట్‌గా వెండిని పట్టుకుంది. 3060 దగ్గర వలయపు సీ–హెచ్ పీక్ కూడా ఉంది, వలయం పడుకుంటే అది బాగా బలహీనపడుతుంది, కాబట్టి వలయం వెండి మీద బల్లపరుపుగా పడుకోలేదని, నిలబడినట్టే ఉందని రాసుకున్నాను. పీహెచ్‌ను 4 కన్నా కిందికి దించితే ఈ పీకులు తగ్గాయి. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ (సగం ఆమ్లం ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్) 4.2 కాబట్టి లెక్క సరిపోయింది. లేజర్ పవర్ మాత్రం తగ్గించే ఉంచాలి, లేకపోతే నమూనా మాడి 1350, 1580 దగ్గర కార్బన్ దిబ్బలు లేస్తాయి.

ఇంత అయ్యాక పచ్చడి ఊటనే నేరుగా పెడదామని సరదా పుట్టింది. ఉప్పు తగలగానే సోల్ నల్లబడి అడుక్కి చేరింది. ఇప్పుడు ఊటలో ఆమ్లం కలిపి, ఈథర్‌లోకి బెంజోయిక్ ఆమ్లాన్ని లాగి, ఈథర్ ఆరాక మిగిలినదాన్ని పలచటి క్షారంలో కరిగించి వాడుతున్నాను.