ఖాళీగా వదిలేసిన గడి

నిద్ర పట్టట్లేదు. ఆయన ఊళ్ళో లేరు కాబట్టి లైటు గొడవ లేదు, అత్తయ్యగారి టీవీ కూడా ఇవాళ త్వరగానే ఆగింది. అయినా పట్టట్లేదు. కారణం 741. అదో ఆప్-ఆంప్, అంటే చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే ఐసీ చిప్పు.

సాయంత్రం పప్పుకి పోపు పెడుతుంటే హాస్టల్ నుంచి మావాడి ఫోను. "అమ్మా, 741సీ బ్యాండ్‌విడ్త్ ఎంత? డేటాషీట్ చూసే రికార్డు రాయాలట." బ్యాండ్‌విడ్త్ అంటే ఎంత ఫ్రీక్వెన్సీ దాకా పనిచేస్తుందన్నది; డేటాషీట్ అంటే తయారీవాళ్ళిచ్చే అంకెల పట్టిక. ఒక మెగాహెర్ట్జ్ అని నోటిదాకా వచ్చింది. డేటాషీట్ అన్నాడు కదా, "చూసి చెప్తాలేరా" అన్నాను.

తెరిస్తే పాత కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్. ఏది మైక్రో గుర్తో, ఏది మచ్చో తెలీదు. బ్యాండ్‌విడ్త్ దగ్గర 741ఏ రకానికి కనిష్ఠం 0.437, టిపికల్ (మామూలుగా వచ్చేది, హామీ లేనిది) 1.5 మెగాహెర్ట్జ్. మామూలు 741కీ, సీ రకానికీ గడులు ఖాళీ! చిన్న గీతైనా లేదు. ల్యాబుల్లో పిల్లలు కాల్చేసేదంతా సీ రకమే, దానికే అంకె రాయలేదు. గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు చేస్తుందన్న సంగతి, ఇంకో వింత. 200 అని ఉంటుంది, యూనిట్ చూస్తే మిల్లీవోల్టుకి వోల్టులు. అంటే 2 లక్షలు. పరీక్షల కోసం మేం బట్టీపట్టిన 2 లక్షలు టిపికల్ గడిలోదన్నమాట. సీ రకానికి కనిష్ఠం గడిలో ఉన్నది 20, అంటే 20 వేలు. పదో వంతు! ఈ ముక్క మాకు ఏ సారూ చెప్పలేదు.

మా ల్యాబులో అటెండర్ ఐసీలన్నీ థర్మోకోల్ అట్టకి గుచ్చి, పుట్టింటి నగల్లా దాచేవాడు. స్లూ రేట్ (ఔట్‌పుట్ వోల్టేజి ఎంత వేగంగా మారగలదన్నది) ప్రయోగం రోజు ఆయన కూడా వచ్చి ఆసిలోస్కోప్ వెనకాల నిలబడ్డాడు. చతురస్రపు తరంగం ఇచ్చి ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోతే గోడలు ఒరిగిపోతూ వచ్చి, 25 కిలోహెర్ట్జ్ దగ్గర నిఖార్సయిన త్రిభుజం అయిపోయింది. మైక్రోసెకనుకి అర వోల్టు చొప్పున 10 వోల్టులు ఎక్కడానికి 20 మైక్రోసెకన్లు, అరచక్రం కూడా అంతే. "చూశారా, పాపం పరిగెత్తలేకపోతోంది" అన్నాడాయన. సారు వైవాలో అడిగితే అందరం 0.5 అని కోరస్ పాడాం. అది మాన్యువల్లోది. డేటాషీట్ మొహం ఎవరం చూశాం?

సరే, ఖాళీ గడి. పాతవాళ్ళకి ఒళ్ళు బద్ధకం అని తిట్టుకుంటూ కిందకి వెళ్తే, చీమంత అక్షరాల్లో ఫుట్‌నోటు: 0.35ని మైక్రోసెకన్లలో రైజ్ టైమ్‌తో (ఔట్‌పుట్ కింద నుంచి పైకి ఎక్కే సమయంతో) భాగిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుందట. సీ రకం రైజ్ టైమ్ టిపికల్ 0.3. భాగిస్తే 1.17 మెగాహెర్ట్జ్. ఆ 0.437 సంగతీ తేలింది: 741ఏ రకం గరిష్ఠ రైజ్ టైమ్ 0.8, దాంతో భాగిస్తే అదే అంకె. సీ రకానికి రైజ్ టైమ్ గరిష్ఠం రాయనేలేదు, ఇక కనిష్ఠ బ్యాండ్‌విడ్త్ ఎక్కణ్ణుంచి వస్తుంది! బద్ధకం కాదు, మాటివ్వలేనిదానికి మాటివ్వలేదు. 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫుల్లగర్ అంతకుముందు బయట తగిలించాల్సొచ్చిన కెపాసిటర్‌ని, 30 పికోఫారడ్లది, చిప్పులోనే పెట్టేసి మన పని తేలిక చేశాడు గానీ, ప్రతి చిప్పూ ఒకేలా వస్తుందని ఎవరు పూచీ పడతారు?

అయినా టిపికల్ అంకెని ఆ గడిలోనే వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? 741ఏ రకానికి వేశారుగా!

లెక్కంతా వాట్సాప్‌లో పంపాను. "థాంక్స్ మా, 1 అని రాసేశా" అన్నాడు. పైగా 741ని ఒకే 9 వోల్టుల బ్యాటరీ మీద నడిపిస్తాడట. ఆ పట్టికలో సీ రకం అంకెలు ఎక్కువగా ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై దగ్గర కొలిచినవే. ఔట్‌పుట్‌కి 10 కిలోఓమ్‌ల లోడు మీద ప్లస్ మైనస్ 12 వరకే హామీ, అంటే పైన 3, కింద 3 వోల్టులు పోయినట్టు. 9లో అదే లెక్క వేస్తే మిగిలేది 3. వాడికి 358 అనే ఇంకో ఆప్-ఆంప్ తెచ్చుకోమని చెప్పాలి, కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అదీ పాతదే, కానీ 3 వోల్టుల నుంచీ నడుస్తుందని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది.