చిన తిరుపతి రాయి వయసు

మాది డెల్టాలో, ఉండి అనే ఊరి పక్క పల్లెటూరు. కాకిని అదిలించడానికి గులకరాయి కావాలన్నా దొరకదు, ఎంత తవ్వినా నల్లమట్టే. అందుకేనేమో, ద్వారకా తిరుమల దగ్గర మావయ్య వాళ్ల పామాయిల్ తోటకి వెళ్తే నా చూపంతా రాళ్ల మీదే. "వీడు చుట్టంచూపుకి రాలేదు, రాళ్లేరుకోడానికొచ్చాడు" అని అత్తయ్య ఎగతాళి.

అక్కడి ఇసుకరాయికి భూగర్భశాస్త్రంలో పేరే తిరుపతి ఇసుకరాయి. పెద్ద తిరుపతి కాదండోయ్, మన చిన తిరుపతే, అంటే ఈ ద్వారకా తిరుమలే! బ్రిటిష్ కాలంలో ఇక్కడ సర్వే చేసిన విలియం కింగ్ ఈ పొరల గురించి 1880లోనే రాశాడు. దాని కింద రాఘవాపురం షేల్ (రేకులుగా విడిపోయే సుద్దరాయి), ఆ కింద గొల్లపల్లి ఇసుకరాయి. అన్నీ మన ఊళ్ల పేర్లే, అన్నీ డైనోసార్లు బతికున్న కాలానివే.

మొన్న సుద్ద తవ్వి వదిలేసిన గోతిలో ఒక పలక దొరికింది. గోరు పెట్టి లేపితే రెండు రేకులుగా విడిపోయింది. లోపల తెల్లటి సుద్ద మీద తుప్పు రంగులో ఆకు అచ్చు: నడుమ ఈనె, అటూ ఇటూ సన్నటి రెక్కలు, అరచేతిలో పట్టే ఈతమట్టలా. టిలోఫిల్లమ్ అనే శిలాజ ఆకు అనుకుంటున్నా, ఈ పొరల్లో దొరికే ఆకుల్లో అదొకటి.

"పది కోట్ల ఏళ్ల పైమాటే మావయ్యా" అన్నాను.

"నువ్వు చూసొచ్చావేంట్రా?"

డైనోసార్ ఎముక మాత్రం ఇక్కడ ఆశించకండి. ఈ పొరల్లో ఆకులతో పాటు అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లలుండే, అంతరించిపోయిన సముద్ర జీవులు), సముద్రపు గవ్వలు కూడా ఉన్నాయి. అంటే అప్పట్లో సముద్రం ఇక్కడిదాకా ఉండేదన్నమాట. ఎముకలు కావాలంటే గోదావరి వెంట పైకి, కోట ఫార్మేషన్ అనే రాతి పొరల దాకా పోవాలి. యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ కోటసారస్‌కి 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.

మెట్టలో పైకి తేలిన ఈ రాళ్లే ఆగ్నేయంగా వాలుతూ మా వరిచేల అడుగుకి, చాలా లోతుకి దిగిపోయాయి. వాటి మీద పడమటి కనుమల వైపు నుంచి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారొచ్చిన లావా. మా రోడ్లకి లారీల్లో దిగే పంగిడి క్వారీల నల్ల కంకర ఆ లావాయే. డెల్టా మట్టి నిన్నమొన్నటిది.

ఇదంతా చెప్తే మావయ్య పట్టుకున్నది ఒక్క ముక్కే: సుద్దలో నీళ్లు ఊరవు, ఇసుకరాయిలో ఊరతాయి. "అయితే సుద్ద దాటించి గొల్లపల్లి రాయిలోకి దింపుదామంటావా బోరు?" అని వెంటనే కేసింగ్ పైపుల లెక్కలోకి దిగిపోయాడు.